బియ్యం డబ్బాకు ఏ బ్యాంకు అప్పిస్తుంది?

‘కోడ్‌కు కులం లేదు’ అన్నాడాయన. ఈమధ్య మా యూనివర్సిటీలో సొంత వ్యాపారాల మీద జరిగిన ఒక సదస్సులో, వేదిక మీద నుంచే. మనిషి చెడ్డవాడేం కాదు. ఐదేళ్ల క్రితం పెద్ద కంపెనీ ఉద్యోగం వదిలేసి, ఒక చిన్న సాఫ్ట్‌వేర్ తయారుచేసి అమ్ముకుంటున్నాడు. ఇన్వెస్టర్లు లేరు, బాసు లేడు. పొద్దున కూతురిని స్కూల్లో దింపి వచ్చి మధ్యాహ్నం దాకా పనిచేసుకుంటాడట, సాయంత్రం పార్కుకు తీసుకెళ్తాడట. ఒక లాప్‌టాప్, కాస్త పట్టుదల ఉంటే ఈ స్వేచ్ఛ ఎవరికైనా దొరుకుతుందని పిల్లలకు చెప్పాడు. చప్పట్లు బాగానే పడ్డాయి. ప్రశ్నల సమయంలో నేను లేచి ఒక్కటే అడిగాను: ‘మొదటి డబ్బు చేతికొచ్చేదాకా ఇల్లు ఎలా గడిచింది సార్?’ ఆయన నవ్వి, ‘ఇల్లు మా నాన్నగారిదే, అద్దె బాధ లేదు. పాపను మా అమ్మ చూసుకునేది. ఇంకేముంది, ఖర్చులు తగ్గించుకున్నాం’ అన్నాడు.

నాకు పేచీ ఆ ‘ఇంకేముంది’తోనే.

సాఫ్ట్‌వేర్ వ్యాపారానికి పెట్టుబడి అక్కర్లేదనేది మన కాలంలో బాగా చలామణి అవుతున్న అబద్ధం. పిండిమర పెట్టాలంటే మోటారు కావాలి, షెడ్డు కావాలి, కరెంటు మీటరు కావాలి. అవి కంటికి కనబడతాయి కాబట్టి పెట్టుబడి అంటాం. ఒక మనిషి ఇంట్లో కూర్చుని స్కూళ్లకో, మెడికల్ షాపులకో పనికొచ్చే సాఫ్ట్‌వేర్ రాసి, దాన్ని నాలుగు చోట్ల అమ్మాలంటే ఏడాది పడుతుంది. ఆ ఏడాదంతా ఆ మనిషి తినాలి, పిల్లలు తినాలి, అద్దె కట్టాలి, పొద్దున్నే పాలు రావాలి, ఎవరికైనా జ్వరమొస్తే ఆస్పత్రికి పోవాలి. చిన్న వ్యాపారంలో సర్వర్‌కు నెలకు కట్టేది ఇంటి పాల ఖర్చు కంటే తక్కువే. అంటే ఈ వ్యాపారంలో అసలు పెట్టుబడి ఇంటి ఖర్చే. వెనకాల సొంత ఇల్లు, తండ్రి పెన్షను, ఊళ్లో కౌలుకిచ్చిన నాలుగెకరాలు ఉన్నవాడికి ఇది పెట్టుబడిగా తోచదు. పుట్టినప్పటి నుంచి ఉన్నదాన్ని ఎవరు లెక్కేసుకుంటారు? లెక్కేసుకోకపోతే పోనీ. లేనివాడి ముందు నిలబడి ‘నేను సున్నా నుంచి మొదలుపెట్టాను’ అనడం మాత్రం సహించరానిది. ఆయన సున్నాకూ, మా వాడ సున్నాకూ మధ్య మూడు తరాల ఆస్తి ఉంది.

ఇన్ఫోసిస్ కథ చూడండి. 1981లో సుధామూర్తి దాచుకున్న పదివేల రూపాయలతో ఆ కంపెనీ మొదలైందని చిన్నపిల్లలకు కూడా తెలుసు. దాన్ని త్యాగం కథగా చెబుతారు. నేను దాన్ని ఆస్తి కథగా చదువుతాను. 1981 నాటికి ఇంజినీరింగ్ చదివి, ఉద్యోగం చేసి, పదివేలు పక్కన పెట్టగలిగిన భార్య ఎన్ని మాల, మాదిగ ఇళ్లలో ఉంది? ఆమె గొప్పతనాన్ని నేను తగ్గించడం లేదు. ఆ పదివేల వెనక ఆడపిల్లను ఇంజినీరింగ్ చదివించగలిగిన కుటుంబాలూ, కులాలూ ఏవో లెక్కలోకి రావాలంటున్నాను. అదే నారాయణమూర్తి గారు 2023లో యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ చైర్మన్ మాటలు బయటికొచ్చాయి: 90 గంటలు పనిచేయాలట, ఆదివారం ఇంట్లో కూర్చుని భార్య మొహం ఎంతసేపు చూస్తారట. సరే, మగవాడు 90 గంటలు ఆఫీసులోనే ఉంటే అన్నం ఎవరు వండుతారు? ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. 2024 టైమ్ యూజ్ సర్వే ప్రకారం, ఇంటి పని చేసేవాళ్లను మాత్రమే తీసుకున్నా, జీతం లేని ఆ పనికి స్త్రీ రోజుకు 289 నిమిషాలు పెడుతోంది, మగవాడు 88 నిమిషాలు. పెద్దమనుషుల 90 గంటలు ఆ 289 నిమిషాల మీద నిలబడ్డవే. ఇంకో మాట కూడా చెప్పాలి. అగ్రకుల ఇళ్లలో ఆ నిమిషాల్లో సగం ఇంకో ఆడమనిషి చేతుల్లోకి పోతాయి. గిన్నెలు తోమడానికి, పిల్లను ఎత్తుకోవడానికి వచ్చే ఆమె ఏ వాడ నుంచి వస్తుందో మీకు చెప్పనక్కర్లేదు. ఆయన కూతురిని పార్కుకు తీసుకెళ్లే సాయంత్రం ఆమె పిల్లలు ఎవరి దగ్గర ఉంటారు?

నేను ఈ విషయాన్ని పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు. మా అక్క నడిపేది ఇలాంటి వ్యాపారమే.

మాది పల్నాటి వైపు పల్లె. ఫీజు రీయింబర్స్‌మెంట్ పుణ్యాన అక్క బీటెక్ చదివింది, మా ఇంట్లో మొదటి ఇంజినీరు. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ ద్వారా కాంట్రాక్టు ఉద్యోగం చేసింది. కడుపుతో ఉన్నానని చెప్పిన నెలలోనే కాంట్రాక్టు పొడిగించలేదు. చట్టం 26 వారాల సెలవు ఇస్తుంది, నిజమే. కాంట్రాక్టే లేని మనిషికి సెలవెక్కడిది? పెద్దోడికి ఎనిమిది నెలలు నిండాక, వాడు నిద్రపోయే గంటల్లో, చిన్న ప్రైవేటు స్కూళ్లకు పనికొచ్చే సాఫ్ట్‌వేర్ రాయడం మొదలుపెట్టింది. ఫీజులు, హాజరు, బస్సు రూట్లు, తల్లిదండ్రులకు మెసేజ్‌లు. ఏడాదికి ఒక్కో స్కూలుకు 18,000 రూపాయలు. ఇవాళ 23 స్కూళ్లు వాడుతున్నాయి. బావ జూనియర్ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్, జీతం ఎప్పుడొస్తుందో ఆయనకే తెలియదు. కాబట్టి ఇద్దరు పిల్లలతో ఆ ఇల్లు నడిచేది అక్క వ్యాపారం మీదే.

మొదట్లో ముద్రా లోన్ కోసం బ్యాంకుకు వెళ్లింది. మూడు లక్షలు చాలు, ఏడాది గడిచిపోతుందని లెక్క. మేనేజర్ మర్యాదగానే మాట్లాడి కొటేషన్ తెమ్మన్నాడు. దేనికి కొటేషన్? ‘ఏం మెషిన్ కొంటున్నారు?’ ‘మెషిన్ ఏం లేదు సార్, లాప్‌టాప్ ఉంది.’ ‘మరి అప్పు దేనికమ్మా?’ బియ్యానికి, అద్దెకు అని చెప్పలేక తిరిగొచ్చేసింది. మెడలో గొలుసు కుదువ పెట్టింది, చిట్టీ పాడింది. అక్కడ తగిలిన గోడ ఆ మేనేజర్ ఒక్కడిది కాదు. పథకాల రూపకల్పనలోనే అది ఉంది. 2016లో ఎస్సీ, ఎస్టీల కోసం, మహిళల కోసం తెచ్చిన స్టాండప్ ఇండియాలో అప్పు 10 లక్షల దగ్గర మొదలై కోటి దాకా వెళ్లేది. 2025 బడ్జెట్‌లో 2 కోట్ల దాకా ఇచ్చే కొత్త పథకం ప్రకటించారు. పైమెట్టు పెరుగుతూ పోతోంది. కిందిమెట్టు దగ్గర మూడు లక్షలు అడిగే ఆడమనిషికి ముద్రా ఉందంటారు, ముద్రాకు పోతే యంత్రం చూపించమంటారు. మన పథకాలు రాసినవాళ్ల తలలో వ్యాపారమంటే ఇంకా షెడ్డూ మోటారే. ఇంట్లో బియ్యం ఎలాగూ ఉంటాయనేది వాళ్ల నమ్మకం. అది కులం ఇచ్చిన నమ్మకం.

రెండో కాన్పు ఫిబ్రవరిలో వచ్చింది. అమ్మ రావాలి. మా పల్నాడులో అవి మిరప కోతల రోజులు. ఏడాదిలో అమ్మకు చేతినిండా కూలి దొరికేది ఆ రెండు నెలలే. ఆ కూలి వదులుకుని వచ్చింది. బిడ్డ పురుడు కోసం ఆరు నెలలు అమెరికా వెళ్లొచ్చే అమ్మమ్మల గురించి మన పత్రికల్లో ఎన్ని సరదా కథలు చదవలేదు? అక్కడ అమ్మమ్మ రావడం ప్రేమ. మా ఇంట్లో అది ప్రేమతో పాటు రెండు నెలల కూలి నష్టం. ఆ నష్టం అక్క కంపెనీ లెక్కల పుస్తకంలో ఎక్కడా ఉండదు. ఆపరేషన్ అయిన మూడో రోజు ఒక స్కూలు కరస్పాండెంట్ ఫోన్. టెన్త్ ప్రీఫైనల్ మార్కుల షీటు ప్రింట్ కావట్లేదట. ‘డెలివరీ అయిందండీ’ అంటే, ‘అయ్యో, కంగ్రాట్స్ అమ్మా, ఒక్క అరగంట చూస్తే చాలు’ అన్నాడు. కుట్లు పచ్చిగా ఉండగా మంచం మీదే లాప్‌టాప్ తెరిచింది. తనకు తానే యజమాని కదా, సెలవు ఎవరిని అడగాలి? కేంద్రం ఇచ్చే మాతృవందన సాయం మొదటి కాన్పుకు 5,000, రెండో బిడ్డ ఆడపిల్ల అయితే 6,000. రెండోవాడూ మగపిల్లాడే, కాబట్టి అదీ లేదు.

ఆ ఆస్పత్రి గది దగ్గరే నేను నా సంగతి కూడా ఒప్పుకోవాలి. పీహెచ్‌డీలో చేరాక రెండేళ్లు అక్క ఇంట్లోనే ఉన్నాను. ఫెలోషిప్ ఆలస్యమైన నెలల్లో నా ఖర్చులు ఆ 18,000ల్లోంచే వెళ్లాయి. శ్రమ మీద, కులం మీద అధ్యాయాలు రాస్తూ, నేను తిన్న కంచం నేను కడగని రోజులు చాలా ఉన్నాయి. నా థీసిస్ కూడా ఆ 289 నిమిషాల్లో వాటాదారే.

ఇక ఫోటో సంగతి. అక్క ఇంట్లో హాల్లో గోడకు బాబాసాహెబ్ ఫోటో ఉండేది. కొత్త పార్టీ ఒకటి వచ్చింది, నాలుగు బ్రాంచీలున్న స్కూలు. నాలుగు బ్రాంచీలంటే ఒక్క దెబ్బకు 72,000. ఫోన్లో రెండు సార్లు ఇంటిపేరూ, ఊరూ అడిగారు. అక్క మాట దాటేసింది. మూడోసారి వీడియో కాల్‌లో సాఫ్ట్‌వేర్ చూపిస్తుండగా చిన్నోడు ఏడిస్తే ఎత్తుకుని కాస్త పక్కకు జరిగింది. వెనక గోడ కనబడింది. ఏమీ అనలేదు వాళ్లు. రెండు రోజులకు మెసేజ్ వచ్చింది, మా బంధువుల అబ్బాయి ఒకడు చేసిస్తానంటున్నాడు, ఏమీ అనుకోవద్దు అని. దీన్ని కులవివక్ష అని ఏ కోర్టులో నిరూపిస్తాం? నిరూపించలేం. బంధువుల అబ్బాయి నిజంగానే ఉండొచ్చు. అసలు తిరకాసు అక్కడే ఉంది. వ్యాపారం అంతా ‘మావాడు’ అనే మాట మీద నడిచే దేశంలో, మావాడు కానివాడిని తోసేయడానికి ఎవరూ తిట్టనక్కర్లేదు.

తర్వాతి ఆదివారం వెళ్లేసరికి ఫోటో హాల్లో లేదు, పడకగదిలో ఉంది. నాకు మండిపోయింది. యూనివర్సిటీలో నేర్చుకున్న మాటలన్నీ దులిపాను. అక్క చపాతీలు కాలుస్తూ విన్నది. ‘బాబాసాహెబ్‌ను నేను ఎక్కడ పెట్టుకున్నానో నాకు తెలుసులేరా తమ్ముడూ. జూన్‌లో ఏఎంసీలు రాకపోతే నీ మేనల్లుళ్లకు ఫీజు నువ్వు కడతావా?’ అంది. నేను కట్టలేను.

ఆ రాత్రి నాకు గుర్తొచ్చింది బాబాసాహెబే. మనం ఆయనను రాజ్యాంగ నిర్మాతగా, విమోచకుడిగా తలచుకుంటాం. ఆయన ఒకప్పుడు చిన్న వ్యాపారం పెట్టి దెబ్బతిన్న కుటుంబ పెద్ద అని ఎందుకో తక్కువ చెప్పుకుంటాం. కొలంబియాలో ఆర్థికశాస్త్రం చదివి, లండన్ చదువు మధ్యలో ఆగిపోయి, 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరితే అక్కడ ఉండటానికి ఇల్లు దొరకనివ్వలేదు. బొంబాయి తిరిగొచ్చి ట్యూషన్లు చెప్పారు. షేర్ల వ్యాపారులకు సలహాలిచ్చే ఒక చిన్న సంస్థ కూడా మొదలుపెట్టారు. ఆయన జీవితచరిత్రలు నమోదు చేసిన విషయమే ఇది. షెడ్డు లేదు, మోటారు లేదు, తెలివి ఒక్కటే సరుకు. ఇవాళ మనం ఇంట్లో కూర్చుని చేసే సాఫ్ట్‌వేర్ పనికి అది వందేళ్ల ముందటి రూపం కాదా? సలహా ఇచ్చేది అంటరానివాడని తెలిసేసరికి వచ్చేవాళ్లు మానేశారు. వ్యాపారం మూతపడింది. 1918లో సిడెన్‌హామ్ కాలేజీలో ఉద్యోగం వచ్చేదాకా ఇంటి పరిస్థితి అంతే. లెక్కలకు కులం లేదు, షేరు ధరకు కులం లేదు. సలహా చెప్పిన మనిషికి ఉంది. కోడ్‌కు కులం లేదన్న పెద్దమనిషికి నా జవాబు ఇదే.

ఆ ఇంటి రెండో సగం మాత రమాబాయి. 1920లో ఆయన మళ్లీ లండన్ వెళ్తే బొంబాయిలో సంసారం ఈదింది ఆమె. ఐదుగురు పిల్లలు పుట్టి నలుగురు పోయారు, యశ్వంత్ ఒక్కడు మిగిలాడు. 1935లో ఆమే పోయింది. మన జయంతి సభల్లో రమాబాయిని త్యాగమూర్తి అంటాం, దండ వేస్తాం, పాట పాడతాం. త్యాగం అన్న మాట నాకు ఈమధ్య అనుమానంగా ఉంటోంది. దేశం ఇవ్వాల్సింది ఇవ్వకపోతే ఆ లోటు ఒక ఆడమనిషి ఒంట్లోంచి, పిల్లల ప్రాణాల్లోంచి వసూలైంది. బాబాసాహెబ్‌కు ఇది తెలుసు. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి సాయం బిల్లు వచ్చినప్పుడు దాన్ని సమర్థించి మాట్లాడారు. కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశ ప్రయోజనమేనని, ఆ భారంలో ఎక్కువ భాగం ప్రభుత్వం మోయడం న్యాయమని ఆయన వాదన. 1929లో చట్టమైంది. అది ఫ్యాక్టరీ స్త్రీలకు. ఇవాళ ఫ్యాక్టరీ ఇంట్లోకి వచ్చేసింది. పది మంది కంటే తక్కువ ఉన్న దుకాణాలకు, ఆఫీసులకు ప్రసూతి చట్టం వర్తించదు, యాభై మంది లేని చోట క్రెష్ అక్కర్లేదు. ఒక్కతే యజమాని, ఒక్కతే కూలీ అయిన మనిషికి ఏముంది?

దీని మీద మన వాళ్లతో కూడా నాకు తగువే. ‘ఉద్యోగాలు అడగొద్దు, ఉద్యోగాలిచ్చేవాళ్లు కండి’ అనే దళిత పెట్టుబడిదారీ వాదం ఇరవై ఏళ్లుగా వింటున్నాం. మన కోటీశ్వరుల ఫోటోలు చూస్తే నాకూ సంతోషమే. కానీ ఆ ఫోటోల్లో వంటింట్లో ఉన్న మనిషి ఏదీ? కేంద్ర ప్రభుత్వ సంస్థల కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న సంస్థల నుంచి జరగాలని 2012 నుంచి ఉత్తర్వు ఉంది. ఆ 4 దరిదాపుల్లోకి కొనుగోళ్లు రాలేదు. దాని మీద మన వ్యాపార సంఘాలు ఎన్ని ధర్నాలు చేశాయి? ఇటు క్యాంపస్‌లో ఎర్రజెండా మిత్రులేమో, సొంత వ్యాపారం అనగానే పెటీ బూర్జువా ఆశలని కొట్టిపారేస్తారు. కాంట్రాక్టు పోగొట్టుకున్న బాలింత లాప్‌టాప్ తెరవడం ఏ వర్గ ఆశ? ఆమెకు యూనియన్ లేదు, పీఎఫ్ లేదు, సెలవు లేదు. మీ వర్గీకరణలో ఆమె ఎక్కడ ఇమడకపోతే వర్గీకరణను సరిచేసుకోవాలి, ఆమెను కాదు.

చిన్న సంస్థకు 45 రోజుల్లోపు డబ్బు కట్టాలని 2006 నుంచి చట్టం ఉంది. కట్టకపోతే చక్రవడ్డీ. అక్కకు గత ఏడాది తొమ్మిది స్కూళ్లు ఆరు నెలలు దాటాక కట్టాయి, రెండు ఇప్పటికీ కట్టలేదు. ఫిర్యాదు చేసే పోర్టల్ ఉంది. చేస్తే ఆ పార్టీ పోతుంది, దాని పక్క ఊరి పార్టీ కూడా పోతుంది. కరస్పాండెంట్లంతా ఒకరికొకరు బావలూ బావమరుదులే. బాధితురాలు వచ్చి ఫిర్యాదు చేస్తేనే కదిలే చట్టం మావాళ్ల దగ్గర పనిచేయదని అట్రాసిటీ కేసుల్లో మనం చూడలేదా?

కాబట్టి అడగాల్సింది కొత్త స్టార్టప్ పార్కులు కాదు. సొంతంగా పనిచేసుకునే స్త్రీకి 26 వారాల ప్రసూతి వేతనం ప్రభుత్వ ఖజానా నుంచి రావాలి. 1928 నాటి వాదనకు అదే న్యాయమైన కొనసాగింపు. అంగన్‌వాడీ పని గంటలు తల్లి పని గంటలతో కలవాలి, అక్కడి టీచరుకూ ఆయాకూ దానికి తగ్గ జీతం ఇచ్చి మరీ. లేకపోతే మళ్లీ ఒక బహుజన స్త్రీ గంటలు లాక్కుని ఇంకో బహుజన స్త్రీకి ఇచ్చినట్టే. యంత్రం కొనడానికి ఇచ్చే అప్పులాగే, ఏడాది పాటు కుటుంబం తినడానికి కూడా హామీ అడగకుండా డబ్బు ఇవ్వాలి. ఇది వింతగా ఉందా? ఆ మిత్రుడికి వాళ్ల నాన్న ఇచ్చింది ఇదే.

చిన్న వ్యాపారాల మీద, స్టార్టప్‌ల మీద సర్వేలు చేస్తున్న తోటి పరిశోధకులకు ఒక మాట. మీ ప్రశ్నావళిలో ‘ప్రారంభ పెట్టుబడి ఎంత’ అని ఒక గడి ఉంటుంది. దాని కింద ఇంకో రెండు గడులు పెట్టండి. మొదటి ఏడాది ఎవరి ఇంట్లో ఉన్నారు, అద్దె కట్టారా? పిల్లలను ఎవరు చూశారు, ఆ మనిషి దానికోసం ఏ కూలి వదులుకుంది? ఆ జవాబుల పక్కన కులం గడి కూడా ఖాళీ వదలకండి.

జూన్ వచ్చింది, స్కూళ్లు తెరిచారు. అక్క ఫోన్ ఆగడం లేదు. ఈసారి చిన్నోడిని సాయంత్రాలు నేను చూస్తున్నాను, చాప్టర్ ఆలస్యమవుతుందని గైడ్‌కు చెప్పాను. ఫోటో ఇంకా పడకగదిలోనే ఉంది.